ఉలిక్కిపడ్డది ఎక్కడ?

సినిమా మీద విమర్శ రాయమంటే మా పిల్లలు ముందు నీతి రాస్తారు. 'ఈ చిత్రం ద్వారా మనం గ్రహించవలసినది ఏమనగా' అని ఎత్తుకుని, చెడు మీద మంచి గెలుస్తుందని తేల్చి, కింద గీత గీసి ఇచ్చేస్తారు. వాళ్లననేం లాభం? పదో తరగతి దాకా సారాంశానికే మార్కులు పడ్డాయి మరి. జి.కొండూరు, మైలవరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఇంటర్ పిల్లలకు తెలుగు చెప్పుకునే నాకు ఈ జబ్బుకు దొరికిన మందు దెయ్యం సినిమా.

ప్రేమకథ నచ్చకపోయినా నచ్చిందనొచ్చు. ఫైటు బాగుందని పక్కవాడి మొహం చూసి చెప్పొచ్చు. భయం దగ్గర ఆ మొహమాటాలు సాగవు. ఎక్కడ ఒళ్లు జలదరించిందో, చెయ్యి కళ్ల మీదికి పోయిందో చెవుల మీదికి పోయిందో ఎవరికి వాళ్లకు తెలుసు. అందుకని శనివారం ఆఖరి పీరియడ్లో నేనిచ్చే పని చిన్నది. మీరు ఉలిక్కిపడ్డ ఒక్క చోటు పట్టుకోండి. దానికి ముందు అర నిమిషంలో తెర మీద ఏముంది, చెవిలో ఏం పడింది, అంతే రాయండి. కథ చెప్పకూడదు. 'సూపర్', 'ల్యాగ్', 'బీజీఎం అదిరింది' అన్న మాటలు రాకూడదు. స్టార్లు వేస్తే కాగితం వెనక్కి ఇచ్చేస్తాను. రెండున్నరకూ రెండు ముప్పావుకూ తేడా ఏమిటో విప్పి చెప్పినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

'అరుంధతి'తో మొదలుపెడితే పని తేలిక. 2009 సంక్రాంతి రోజుల్లో వచ్చిన సినిమా, దాదాపు వీళ్ల వయసుదే. అందులో విలన్ పశుపతి ఎలా ఉంటాడురా అంటే ఎవరూ వేషం చెప్పరు, క్లాసంతా గొంతు మార్చి అరుస్తుంది. ఆ గొంతు తెర మీద కనబడే సోనూ సూద్‌ది కాదని, పి.రవిశంకర్ డబ్బింగ్ చెప్పారని, ఆ దెబ్బతో ఆయన పేరు ముందు 'బొమ్మాళి' చేరిపోయిందని చెప్పాను. ఆ తర్వాత వచ్చిన కాగితాల్లో ఒకమ్మాయి ఇలా రాసింది: 'ఒకళ్ల ఒంట్లోంచి ఇంకొకళ్లు మాట్లాడితే మా ఊళ్లో దాన్నే దెయ్యం పట్టడం అంటారు.' డబ్బింగు మీద ఇంతకంటే మంచి వాక్యం నేనెక్కడా చదవలేదు.

భయం ముందు చెవిలోకి దిగుతుందని తెలిసిన మనిషి ఒకాయన ఇక్కడికి దగ్గర్లోనే చదువుకున్నాడు. కానూరు సిద్ధార్థ ఇంజినీరింగ్ కాలేజీలో సివిల్ చదివిన రామ్‌గోపాల్ వర్మ. 'శివ' (1989) తర్వాత 1992లో రేవతితో 'రాత్రి' తీశాడు. దానికి నేపథ్య సంగీతం చేసింది మచిలీపట్నంలో పుట్టిన మణిశర్మ, సినిమాల్లో ఆయన లెక్క అక్కడే మొదలైంది. పిల్లలకు ఈ సినిమా నెమ్మదిగా ఉంటుంది. మూకుమ్మడిగా 'ల్యాగ్' అనబోయి నా నిషేధం గుర్తొచ్చి ఆగారు. ఆ మాట లేకపోయేసరికి అసలు సంగతి చెప్పాల్సొచ్చింది: 'ఏదో జరుగుతుందని చూస్తుంటే ఏమీ జరగట్లేదు సార్. అదే భయంగా ఉంది.'

మాకు ఇరుగుపొరుగైన నూజివీడులో ఇలాంటి పని నాకంటే ఎంతో ముందు, ఎంతో బాగా చేసినవారున్నారు. ధర్మ అప్పారావు కాలేజీలో తెలుగు లెక్చరర్ ఎం.వి.ఎల్. నరసింహారావుగారు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో 'యువజ్యోతి' శీర్షిక నడిపి కుర్రకారు చేత రాయించారు. 1975లో బాపు, ముళ్లపూడి వెంకటరమణలతో 'ముత్యాలముగ్గు' నిర్మించారు కూడా. పాఠం చెప్పే మాస్టారు సినిమా మాట్లాడితే పరువు పోతుందనుకునే రోజుల్లో అది చిన్న ధైర్యం కాదు. ఆ అనుమానం ఇప్పుడూ ఉంది. ఆమధ్య ఒక నాన్నగారు వచ్చి 'మాస్టారూ, ఈ దెయ్యాల గొడవ పరీక్షల్లో వస్తదా?' అని అడిగాడు. రాదండీ అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి వెళ్లిపోయాడు.

నిజానికి పుస్తకాల దగ్గర కూడా పెద్దల తంతు ఇదే. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు ఊరూరా ఎగబడి చదివారు. అటుపక్క నుంచి 'క్షుద్ర సాహిత్యం' అన్న ముద్ర పడింది. రంగనాయకమ్మ వంటివారు ఆ నవలను చదివి, వాదించి, ఉతికి ఆరేశారు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అది విమర్శే. చదవకుండా ముద్ర ఒక్కటే అరువు తెచ్చుకుని తిరిగినవాళ్లే ఎక్కువమంది. స్టార్ల రేటింగుకూ ఆ ముద్రకూ నాకు పెద్ద తేడా కనబడదు. రెండూ ఆలోచించే బాధ తప్పిస్తాయి.

బేతాళుడి ముందు ఆ పప్పులు ఉడకవు. చందమామలో ఆ కథలు చదివి పెరిగినవాళ్లకు తెలుసు, శవంలో ఉన్నవాడు కథ చెప్పి ఊరుకోడు. వీళ్లలో ఎవరిది గొప్ప, ఎవరిది తప్పు, ఎందుకు అని నిలదీస్తాడు. విక్రమార్కుడు కారణం చెప్పి తీరాలి. ఆ పత్రికలో దశాబ్దాలు పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు సినిమా విమర్శలు కూడా విరివిగా రాశారంటే నాకు ఆశ్చర్యం లేదు.

మా క్లాసులో బేతాళ ప్రశ్న పుట్టింది 'విరూపాక్ష' (2023) దగ్గర. రుద్రవనం అనే ఊళ్లో క్షుద్రపూజలు చేస్తున్నారని ఒక జంటను జనం తగలబెడతారు. పుష్కరం తర్వాత ఆ ఊళ్లో చావులు మొదలవుతాయి. ఒకబ్బాయి వాదన: జనం చేసింది ఘోరమని సినిమా చూపించింది, అది చాలు. వెనక బెంచీలోంచి ఇంకొకడు లేచాడు. 'చూపించింది సరే. కానీ ఆ జంట నిజంగానే మంత్రాలు చేసేవాళ్లే కదా. అంటే జనం అనుమానం కరెక్టనేగా?' చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. తెర మీద చేతబడి నిజమైతే, అలా చచ్చిపోయి పేపర్లోకెక్కిన ముసలామె ఏమవుతుంది? 'మా ఊరి పొలిమేర' (2021) మీదికి కూడా ఆ ప్రశ్న పాకింది. బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. నేను రెండోవాడి పక్షం. అయితే మొదటివాడి కాగితంలో అక్షరదోషాలు తక్కువ, సీన్ల వివరం ఎక్కువ, మార్కులు వాడికే ఎక్కువ పడ్డాయి.

భయాన్ని తూచడానికి మా పిల్లల దగ్గర ఇంకో తూకం రాయి ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగింది. వెలగలేరు రెగ్యులేటరు, కవులూరు దగ్గర పడిన గండ్లు మా మండలంలోవే. బెజవాడ సింగ్‌నగర్ మునిగిన సంగతి దేశమంతా చూసింది. కవులూరు వైపు కుర్రాడొకడు ఏ సినిమా గురించి రాస్తున్నాడో మరిచిపోయి ఇలా రాసుకుపోయాడు: 'సినిమాలో ఏదైనా వచ్చేముందు మ్యూజిక్ వస్తుంది. మా ఇంట్లోకి నీళ్లు వచ్చేముందు ఏమీ రాలేదు.' ఆ కాగితం మీద ఎర్ర ఇంకు పెట్టలేదు.

భయపడనివాళ్లూ ఉంటారు. 'నాకేం భయం వెయ్యలేదు' అని ఒక్క లైను రాసి ఇచ్చిన వీరుణ్ణి, ఎందుకు వెయ్యలేదో అదే రాయమన్నాను. మిట్టమధ్యాహ్నం, ఫోన్లో, తమ్ముడితో కలిసి, పక్కన అమ్మ నిద్రపోతోందని సౌండు తగ్గించి చూశాట్ట. ఇంకెక్కడి భయం? థియేటర్ చీకటి కోసం తీసిన సినిమాను అరచేతిలో చూస్తే ఏం మిగులుతుందో వాడు పేజీన్నర రాశాడు, తాను విమర్శ రాస్తున్నానని తెలియకుండానే.

ఈ వారం 'మసూద' (2022). సంగీత, తిరువీర్ నటించారు, సాయికిరణ్ దర్శకుడు. దెయ్యం నల్ల బురఖాలో వస్తుంది. నందిగామ వైపు నుంచి వచ్చి ఇక్కడ మేనమామ ఇంట్లో ఉండి చదువుకునే ఒకమ్మాయి క్లాసయ్యాక ఆగింది. 'మా అమ్మ కూడా బురఖాలోనే బస్టాండుకు వస్తుంది సార్. సినిమా నన్ను మసూదను చూసి భయపడమంటోందా, బురఖాను చూసి భయపడమంటోందా?' అదే రాయమ్మా అన్నాను. సినిమాలో దెయ్యాన్ని వదిలించే పెద్దాయన కూడా ముస్లిమే కదా, ఆ సంగతీ లెక్కలోకి తీసుకోమన్నాను. తీసుకున్నాను సార్, అది చాలదు అంది. పేజీ దాటొచ్చా అని అడిగితే ఎన్నయినా రాయమన్నాను.