తీసినా తేడా రాని వైరు

సింహాచలం కొండెక్కుతుంటే మా మారుతి 800 మొరాయించింది. ఎప్పుడూ రెండో గేరులో హాయిగా తిరిగే మలుపులో మొదటి గేరు వెయ్యాల్సొచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే మోత పెరిగింది గానీ లాగుడు పెరగలేదు. దర్శనం చేసుకుని దిగి, హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగాం. ఆగిన బండి ఆగినట్టు లేదు. స్టీరింగ్ అరచేతుల్లో అదురుతోంది, అద్దాలు గలగలమంటున్నాయి. "ఏమైందిరా దీనికి, చలిజ్వరం వచ్చిన మనిషిలా వణుకుతోంది" అంది వెనక సీట్లోంచి అమ్మ. పదిహేనేళ్లు దాటింది. ఆ జబ్బుకి అంతకంటే మంచి వర్ణన నాకింకా దొరకలేదు.

పికప్ పడిపోవడం, స్లోలో ఇంజన్ నిలకడ తప్పడం తరచూ జంటగా వస్తాయి. మా బండికి 796 సీసీలో మూడు సిలిండర్లు. స్లోలో నిమిషానికి 900 చుట్లు తిరుగుతుందనుకుంటే ఒక్కో సిలిండర్ 450 సార్లు మండాలి. మూడింటిలో ఒకటి సరిగ్గా మండకపోతే ప్రతి మూడో అడుగూ తడబడినట్టే. వేగంగా పోతున్నప్పుడు ఫ్లైవీల్ ఊపులో ఆ తడబాటు కలిసిపోతుంది. సిగ్నల్ దగ్గర ఊపుండదు కనక వణుకై బయటపడుతుంది. ఎత్తు ఎక్కాల్సొస్తే మూడో వంతు బలం లేదని తెలుస్తుంది. కొండ మీద కనిపించిందీ, సిగ్నల్ దగ్గర కనిపించిందీ ఒకే జబ్బు.

మొదట ఇంటి దగ్గరున్న షెడ్డుకి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తీ ఎత్తకముందే ప్లగ్గులన్నారు. మార్చారు. తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత పెట్రోల్ ఫిల్టర్. వారం తిరిగేసరికి రెండు వేలకు పైగా అయింది, వణుకు వణుకులాగే ఉంది. చివరికి "ఇంజన్ బోరుకొచ్చింది సార్, దించాలి" అన్నారు. పద్దెనిమిది వేలు చెప్పారు. ఆ రోజుల్లో ఆ డబ్బు నాకు రెండు నెలల ఇంటద్దె కంటే ఎక్కువ.

ఒక స్నేహితుడు గాజువాక ఆటోనగర్‌లో పెద్దాయన ఒకరున్నారు, ఓసారి చూపించమన్నాడు. హైదరాబాద్‌లో అయితే ఉస్తాద్ అంటారు, మావైపు మేస్త్రి. వెళ్లగానే ఆయన బానెట్ ముట్టుకోలేదు. స్టూలు చూపించి, "ఎప్పుడెప్పుడు చేస్తోంది బాబూ?" అనడిగారు. పొద్దున్న మొదటి స్టార్టింగ్‌లోనా, వేడెక్కాకా? ఏసీ వేస్తేనా, వెయ్యకపోయినానా? చదును మీద కూడా లాగట్లేదా? గ్యాస్ మీదా, పెట్రోల్ మీదా? మా బండికి ఎల్‌పీజీ కిట్ ఉంది. చివరి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఇన్నాళ్లూ గ్యాస్ మీదే తిప్పుతున్నాను.

ఇంజన్ స్టార్ట్ చేయించి, డాష్‌బోర్డు మీది స్విచ్ గ్యాస్ నుంచి పెట్రోల్‌కి మార్చి కాసేపు ఆగారు. అదే వణుకు. "రెండు దారుల్లో వచ్చినా ఒకటే జబ్బంటే, జబ్బు దారిలో లేదు బాబూ, ఇంట్లోనే ఉంది" అన్నారు. ఒక్క స్విచ్ నొక్కి గ్యాస్ కిట్‌నీ, పెట్రోల్ లైన్‌నీ అనుమానం నుంచి తప్పించేశారు. ఒక్క రూపాయి సామాను కొనలేదు. తర్వాత గాలి. ఇంజన్ పీల్చే గొట్టాల వెంబడి, మానిఫోల్డ్ గాస్కెట్ చుట్టూ క్లీనర్ స్ప్రే కొట్టి చెవి పెట్టి విన్నారు. ఎక్కడైనా పగులుంటే ఆ క్లీనర్ లోపలికి పోయి శబ్దం మారాలి. మారలేదు.

అప్పుడు రబ్బరు పిడి పట్టకారుతో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే లాగారు. మొదటిది తీస్తే ఇంజన్ కుప్పకూలబోయింది. మూడోది తీసినా అంతే. రెండోది తీస్తే ఏమీ కాలేదు. తీసినా పెట్టినా అదే వణుకు. అంటే ఆ సిలిండర్ పనిచేయడం ఎప్పుడో మానేసింది. తేడా వచ్చినచోట జబ్బుంటుందని నేను చూస్తున్నాను. తేడా రానిచోట ఉంది.

రెండో ప్లగ్గు మొదటి దానికీ, మొదటిది రెండో దానికీ మార్చారు. వేరే వైరు తగిలించి చూశారు. జబ్బు కదల్లేదు. ఇక కంప్రెషన్ గేజ్ బిగించి స్టార్టర్ తిప్పమన్నారు. మొదటి సిలిండర్ 165 పౌండ్లు, మూడోది 160, రెండోది 90. ఇంజన్ దించాలన్న షెడ్డువాళ్ల మాటే నిజమని గుండె జారింది. మేస్త్రి మాత్రం నూనెడబ్బా తెచ్చి, ప్లగ్ రంధ్రంలో ఓ చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ తిప్పమన్నారు. రింగులు అరిగి ఉంటే ఆ నూనె సందులు మూసి ముల్లు పైకి లేవాలి. లేవలేదు, మళ్లీ 90. "రింగులు కావు, వాల్వు. బోరక్కర్లేదు" అన్నారు.

ట్యాపెట్ కవర్ విప్పి, రెండో సిలిండర్ వాల్వులు రెండూ మూసుకునే చోటికి ఇంజన్ తిప్పి, ఫీలర్ గేజ్ పెట్టారు. ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర అన్నిటికన్నా పల్చని రేకు కూడా దూరలేదు. అక్కడ సన్నని సందుండాలి. అది లేకపోవడంతో వాల్వు పూర్తిగా కూర్చోవడం లేదు, నొక్కిన గాలి సైలెన్సర్ వైపు జారిపోతోంది. సందెందుకు పోయిందంటే, గ్యాస్ ఇంజన్లోకి ఆవిరిగా, పొడిగా వస్తుంది. మెత్తని సీటు మీద వాల్వు కొట్టుకుని కొట్టుకుని సీటు అరుగుతుంది, వాల్వు లోపలికి దిగుతుంది, దాని కాడ పైకి లేస్తుంది, సందు మూసుకుపోతుంది. అరిగితే ఖాళీ పెరిగి టకటక వినిపిస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ అరిగేకొద్దీ నిశ్శబ్దం పెరుగుతుంది. గోలచేసే ట్యాపెట్ కంటే నోరుమూసుకున్న ట్యాపెట్ ప్రమాదమని ఆ రోజు తెలిసింది. ఇంకొన్ని నెలలు అలాగే తిప్పితే వాల్వు కాలిపోయేది.

నట్టు వదులు చేసి, స్క్రూ కాస్త వెనక్కి తిప్పి, రేకు బిగుతుగా జారేలా పెట్టి మళ్లీ బిగించారు. గేజ్ 150 చూపించింది. స్టార్ట్ చేస్తే స్టీరింగ్ మీద నా చెయ్యి కదల్లేదు.

ఇప్పటి బండ్లలో ఇలా వైర్లు లాగకూడదు. మండని పెట్రోల్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. చెక్ ఇంజన్ దీపం వెలిగి ఆరుతూ ఉందంటే ఆ పని మొదలైనట్టే, బండి పక్కకు ఆపెయ్యాలి. స్కానర్ తగిలిస్తే పి0302 అని కోడ్ వస్తుంది. రెండో సిలిండర్ సరిగ్గా మండట్లేదని దానర్థం. ఎందుకు మండట్లేదో కోడ్ చెప్పదు. ప్లగ్గో, కాయిలో, ఇంజెక్టరో, మా బండిలాగా వాల్వో కావచ్చు. చదవడం తెలిసినవాళ్లు అదే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్ లెక్కని ఎంత సవరిస్తోందో, చూస్తారు. స్లోలో కంప్యూటర్ అదనంగా పెట్రోల్ పోస్తూ, రేస్ చేసినప్పుడు మామూలుకొస్తుంటే ఎక్కడో దొంగగాలి దూరుతోందని అనుమానించాలి. లోడ్ మీద ఆ లెక్క పెరుగుతుంటే పంపునో, ఫిల్టర్‌నో చూడాలి. కోడ్ చూసీ చూడగానే కాయిల్ మార్చేవాళ్లకీ, మొదటి షెడ్డువాళ్లకీ నాకు తేడా కనిపించదు.

మేస్త్రి మూడు వందల యాభై తీసుకున్నారు. చీటీ మీద ట్యాపెట్ సెట్టింగ్ అని రాశారు. ఆ సెట్టింగ్‌కి పట్టింది అరగంట. వెతకడానికి పట్టిన రెండు గంటలు చీటీ మీద లేవు. ఇంకో రెండు వందలు ఇవ్వబోతే, "సామాను వెయ్యలేదు కదా బాబూ" అని చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ మాట నన్నిప్పటికీ బాధపెడుతుంది. సామానుకైతే అడగకుండా ఇస్తాం, తేల్చినందుకు ఇవ్వం. అలాంటప్పుడు షెడ్డువాడు తేల్చకుండా సామానే వేస్తాడు.

ఈసారి బండి వణికితే ఫలానాది మార్చమని చెప్పకండి. ఎప్పుడు వణుకుతోందో, ఎప్పుడు లాగట్లేదో చెప్పండి. ముందు జబ్బేంటో తేల్చమనండి. తేల్చడానికి కూలీ ఎంతో అప్పుడే మాట్లాడుకుని, ఏ సామానూ వెయ్యకపోయినా ఆ డబ్బు చేతిలో పెట్టి రండి.