హేవుడ్ పట్టికలో లేని గడి

1954లో ఓ. జి. హేవుడ్ ప్రకటించిన వ్యాసము క్రీడా సిద్ధాంతమునకు చక్కని ప్రవేశిక. 1943 మార్చి నాటి బిస్మార్క్ సముద్ర యుద్ధమును ఆయన నాలుగు గడుల పట్టికగా కూర్చినాడు. జపాను ఓడలు న్యూబ్రిటన్ ద్వీపమునకు ఉత్తరముగానో దక్షిణముగానో లే రేవుకు పోవలెను. అమెరికా సేనాని కెన్నీ ఏదో ఒక వైపునే ముఖ్యముగా వెదకవలెను. ఉత్తరమున వెదకినచో, ఓడలు ఎటు పోయినను బాంబు దాడికి 2 దినములు దొరకును. దక్షిణమున వెదకినచో, ఓడలు ఉత్తరముగా పోయిన 1, దక్షిణముగా పోయిన 3.

ఎదుటివాడేమి చేసినను తీసిపోనిది ప్రబల వ్యూహము. జపానుకు ఉత్తరమార్గము అట్టిదే. అయితే ఒకచోట సమానము, మరొకచోట మాత్రమే మేలు. కెన్నీకి ప్రబల వ్యూహము లేదు. ఓడలు ఉత్తరముగానే వచ్చునని తర్కించిన పిదపనే అతడు 1ని విడిచి 2ను ఎన్నుకొనును. ఈ భేదమును పాఠకుడు మరువరాదు.

లెక్క సరియే, లోపము కొలతలో ఉన్నది. దినములు లెక్కకు వచ్చినవి గాని ఒక్కొక్క దినమున మునుగు ఓడలు రాలేదు. జపాను ఉత్తరముగానే పోయినది. 8 రవాణా ఓడలును, 8 డిస్ట్రాయరులలో 4ను మునిగినవి. ఉన్న రెండు దారులలో మేలైనది మంచి దారి కానక్కరలేదు. బయలుదేరకుండుట అను మూడవ వ్యూహమునకు పట్టికలో గడియే లేదు. ప్రబల వ్యూహమును వెదకు విద్యార్థి ముందుగా ఆ లేని గడిని వెదకవలెను.