గడులు ఎవరు గీస్తారు?

సాహిత్య పత్రికలో కంప్యూటర్ పాఠాల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. బడి వాచకాల్లో చీపురు ఎవరి చేతిలో ఉందో, వార్తాపత్రిక ఎవరి చేతిలో ఉందో లెక్కపెట్టడం మనకు కొత్త కాదు. సినిమా పాటల్ని, పెళ్ళిమంత్రాల్ని, సబ్బు ప్రకటనల్ని కూడా రచనలుగానే చదివాం. అలాగే ఒక ఆన్‌లైన్ కోర్సునీ చదవొచ్చు. అందులోనూ పాత్రలుంటాయి, ఎవరితో మాట్లాడుతున్నారో తెలిసిపోయే ఒక గొంతు ఉంటుంది, చెప్పకుండా వదిలేసిన విషయాలుంటాయి.

నేను చదివింది ఐఐటీ మద్రాస్ 2020 జూన్‌లో ప్రారంభించిన ప్రోగ్రామింగ్, డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీలో మొదటి మెట్టు, అంటే ఫౌండేషన్ స్థాయి. (తర్వాత డిగ్రీ పేరు మారింది.) తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని, ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్తగారు. మాది నిడమనూరు. నల్లగొండ జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద వరి పండే ప్రాంతం. ఇక్కడి ధాన్యం మిర్యాలగూడ మిల్లులకు పోయినట్టే ఇక్కడి పిల్లలు హైదరాబాద్ కోచింగ్ సెంటర్లకు పోతారు. మగపిల్లలు ముందు పోతారు. ఆడపిల్లల సంగతి డబ్బు మిగిలితే చూస్తారు.

ఈ కోర్సుకు జేఈఈ ర్యాంకు అక్కర్లేదు. పదో తరగతిలో లెక్కలు, ఇంగ్లీషు చదివి ఇంటర్ పాసైన వారెవరైనా, ఏ వయసువారైనా చేరవచ్చు. నాలుగు వారాల పాఠాలు ముందే చెప్పి, ఆ పాఠాల మీదే అర్హత పరీక్ష పెడతారు. చెప్పనిదాన్ని అడిగి వడపోసే పరీక్షలే మనకు అలవాటు కాబట్టి ఇది చిన్న మార్పు కాదు. మన దగ్గర దీనికి పూర్వరంగం కూడా ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది, 1991లో దానికి అంబేద్కర్ పేరు పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయి పెళ్ళయిన ఎంతమంది ఆదివారం క్లాసులకు బస్సెక్కి ‘ఓపెన్ డిగ్రీ’ తెచ్చుకున్నారో మన తరానికి తెలుసు. ఆ డిగ్రీని చిన్నచూపు చూసినవాళ్ళూ తెలుసు.

ఆన్‌లైన్ పాఠంలో నాకు అన్నిటికన్నా నచ్చింది దాన్ని ఆపగలగడం. క్లాసులో మాస్టారిని ‘ఆగండి సార్, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి’ అనలేం కదా. కానీ ఆపిన పాఠం అక్కడే ఉంటుంది, గడువు తేదీ ఆగదు. ఒక్కో కోర్సుకు వారానికి పది గంటల దాకా పెట్టాలంటారు. 2019లో దేశవ్యాప్తంగా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు దానికి పెట్టే సమయం సగటున 299 నిమిషాలు, ఆ పని చేసే పురుషులు పెట్టేది 97 నిమిషాలు. ఆ 299 నిమిషాల తర్వాత మిగిలిన దాంట్లోంచి పది గంటలు తీయాలి. ఇంట్లో కూర్చుని చదవొచ్చన్నది మగపిల్లవాడికి సౌకర్యం. ఇంట్లో కూర్చోవడమంటూ లేని స్త్రీకి ఆ మాట వేరేగా వినిపిస్తుంది.

ఇక పాఠంలోకి వస్తాను. ఫౌండేషన్ స్థాయిలో ఎనిమిది కోర్సులు. లెక్కలు రెండు, స్టాటిస్టిక్స్ రెండు, ఇంగ్లీషు రెండు, పైథాన్ ఒకటి, కంప్యుటేషనల్ థింకింగ్ ఒకటి. ఎనిమిదింట్లో రెండు ఇంగ్లీషే అన్నది తెలుగు చెప్పుకునే నాకు గుచ్చుకున్నా, ఆ వాదం మరోసారి. నా దృష్టి చివరిదాని మీద ఉంది. ఇందులో మాధవన్ ముకుంద్, జి. వెంకటేశ్ అనే ఇద్దరు అధ్యాపకులు కాగితపు కార్డుల కట్టలు పెట్టుకుని మాట్లాడుకుంటారు. కంప్యూటర్ ముట్టుకోకుండా ప్రోగ్రామ్ ఎలా ఆలోచిస్తుందో చూపిస్తారు. పైకార్డు తీయి, అడిగింది ఉందా చూడు, లెక్కకు కలుపు, రెండో కుప్పలో పెట్టు, మొదటి కుప్ప అయిపోయే దాకా ఇదే చెయ్యి. ఇంత తేటగా పాఠం చెప్పడం చాలా అరుదు. బియ్యంలో రాళ్ళేరడం కూడా ఇదే కదా అని మా అత్తగారితో అంటే ఆవిడ నవ్వారు. అయితే ఆడవాళ్ళకు కంప్యూటర్‌ని వంటింటి పోలికలతోనే చెప్పాలనే ధోరణి నాకు నచ్చదు. రాళ్ళేరడం తెలిసినవారికి ప్రోగ్రామింగ్ ముందే తెలుసని మెచ్చుకోవడం, వాళ్ళను చాట దగ్గరే కూర్చోబెట్టే ఇంకో పద్ధతి.

కార్డులు మూడు రకాలు. మొదటివి విద్యార్థుల మార్కుల కార్డులు. పేరు, జెండర్, పుట్టిన తేదీ, ఊరు, లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ మార్కులు, మొత్తం. రెండోవి దుకాణం బిల్లులు. మూడోవి ఒక పేరాలోని మాటలు, ఒక్కో మాటకు ఒక్కో కార్డు. ఆ పేరా ఆర్.కె. నారాయణ్ 1935 నాటి నవల ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ మొదట్లోది. సోమవారం బడికి వెళ్ళాలంటే మనసు రాని కుర్రాడి కథ అది. ఆ నవల నాకూ ఇష్టమే. కానీ బడి అంటే విసుగు పుట్టడానికి ముందు బడి ఉండాలి. సోమవారం వచ్చిందని సంతోషించే ఆడపిల్లలు ఈ జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు, ఆదివారమంతా పత్తి ఏరి లేదా నారు పీకి వచ్చినవాళ్ళు. బాల్యమంటే మగపిల్లవాడి బాల్యమేనని మన కథా సాహిత్యం కూడా చాలాకాలం అనుకుంది కాబట్టి పాఠకర్తలనే తప్పుపట్టను. మాటల్ని నామవాచకం, క్రియ, ఎన్ని అక్షరాలు అని విడగొట్టి లెక్కపెడుతుంటే కథ మాయమైంది. లెక్కకు కథ అక్కర్లేదు. విమర్శకురాలిగా నాకిది కొంచెం భయం పుట్టించిన పాఠం.

అసలు చెప్పాల్సింది మార్కుల కార్డు గురించి. జెండర్ గడిలో రెండే అక్షరాలుంటాయి, ఎం లేదా ఎఫ్. ఏ గడిలో ఏ విలువలు ఉండవచ్చో ముందే కట్టడి చేస్తే పొరపాట్లు దొరుకుతాయని పాఠం చెబుతుంది. మార్కులు నూరు దాటకూడదు, పుట్టిన తేదీ ఫిబ్రవరి 30 కాకూడదు. దీన్ని డేటా ‘శానిటీ’ అంటారు. శానిటీ అంటే మతి సరిగా ఉండటం. గడిలో మూడో అక్షరం కనిపిస్తే సమాచారానికి మతి తప్పినట్టు లెక్క! సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో నల్సా తీర్పులో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గుర్తింపును ఒప్పుకుంది. ఆరేళ్ళ తర్వాత వచ్చిన పాఠంలో కూడా రెండే అక్షరాలు. ఎవరూ కావాలని చేసిన పని కాదిది, ఉదాహరణ సులువుగా ఉండాలని చేసింది. మినహాయింపులు ఎప్పుడూ సులువు కోసమే మొదలవుతాయి.

దీనికి ఇంకో కొస ఉంది. గడిలో రెండే విలువలున్నప్పుడు ప్రోగ్రామ్ రాసేవాళ్ళు ఒకదాని కోసమే ప్రశ్న అడుగుతారు. ఎం అయితే ఇది చెయ్యి, ‘ఎల్స్’ అది చెయ్యి. రెండో ప్రశ్న దండగ. అమ్మాయి పేరు ఎత్తాల్సిన పనే రాదు, ఆమె ‘ఎల్స్’లో పడిపోతుంది. సిమోన్ ద బోవా 1949లో స్త్రీని పురుషుడికి ‘ఇతర’గా నిలబెట్టిన తీరు గురించి అంత పెద్ద పుస్తకం రాసింది. అదంతా ఒక్క పంక్తిలో ఇక్కడ కనిపించి నేను పాఠం ఆపేసి కూర్చున్నాను. తలకిందులుగా, ఎఫ్ అయితే అని మొదలుపెట్టి రాసినా జవాబు అదే వస్తుంది. అభ్యాసాలన్నీ అలాగే రాశాను. యంత్రానికి పట్టింపు లేదు.

బిల్లు కార్డు సంగతి వేరు. దుకాణం పేరు, కొనుగోలుదారు పేరు, సరుకు, పరిమాణం, ధర. ఏ దుకాణానికి నమ్మకమైన ఖాతాదారు ఎవరో కనిపెట్టమంటారు. మా ఊరి కిరాణా ఖాతాలో సరుకు తెచ్చుకునేది ఆమె, పేరు ఆయనది. ఆ పుస్తకం మీద ప్రోగ్రామ్ నడిపితే ఊళ్ళో ఆడవాళ్ళు ఉప్పు కూడా కొనరని తేలుతుంది! పద్ధతిలో ఒక్క తప్పూ ఉండదు.

పాఠం నాకు నేర్పింది కార్డుని నడిపించడం. కార్డు మీద గడులు ఎవరు గీశారన్న ప్రశ్న అందులో లేదు. గడులు పైనుంచి వచ్చినట్టు, ఎప్పుడూ ఉన్నట్టు ఉంటాయి. నల్లగొండ వాళ్ళకు ‘గడీ’ అంటే దొర ఉండే ఇల్లు. ఒక దీర్ఘం తేడాతో రెండు మాటలూ పక్కపక్కనే ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు, నాకు మాత్రం గుర్తొస్తూనే ఉంది.

ఈ కోర్సు మొదలైన 2020లోనే అక్టోబర్ 29న తెలంగాణలో ధరణి పోర్టల్ వచ్చింది. పాత పహాణీలో పట్టాదారు గడి పక్కన అనుభవదారు గడి ఉండేది, భూమి ఎవరి సాగులో ఉందో రాయడానికి. కొత్త రికార్డుల్లో అది పోయింది. 2018 నుంచి ఇచ్చిన రైతుబంధు పట్టా ఉన్నవారికే. కౌలుకు చేసేవాళ్ళు, మామగారి పేరున ఉన్న చెలకను ఒంటరిగా దున్నుకునే కోడళ్ళు ఆ రికార్డుకు రైతులు కారు. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ఈ వ్యవహారంలో రాజకీయం ఎంతైనా ఉండనీ, ప్రోగ్రామింగ్ చదువుతున్న నాకు కనిపించింది ఒక్కటే. టేబుల్‌లోంచి ఒక కాలమ్ తీసేయడం ఒక్క ఆదేశంతో అయ్యే పని.

కాలమ్ చేర్చడమూ అంతే. కాకపోతే దాని వెనక ఏళ్ళ పోరాటం ఉంటుంది. 1991 జనాభా లెక్కల్లో పని గురించిన ప్రశ్నకు పొలంలో, కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా అన్న మాట చేరింది. ఇంతకుముందు చెప్పిన 299 నిమిషాలు కూడా ఎవరో ఆ గడి గీయాలని పట్టుబడితేనే మన చేతికి వచ్చాయి. మన సాహిత్యంలో దీనికి పెద్ద ఉదాహరణ స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటపు రికార్డుల్లో నాయకులకు, దళాలకు, అమరులకు గడులున్నాయి. మల్లు స్వరాజ్యం వంటి వారితో, పేరు తెలియని ఇంకెందరితోనో కూర్చుని మాట్లాడినప్పుడు బయటపడిన ఆకలికి, అడవిలో కాన్పుకి, పోరాటం ఆగాక ఇంటికి పొమ్మన్న మాటకి గడుల్లేవు. ఆ పుస్తకం చేసింది నా లెక్కలో కాలమ్‌లు చేర్చడమే. అందుకే మన రచయిత్రులకు ఈ చదువు పరాయిది కాదంటున్నాను.

ఊళ్ళలో గడులు నింపేవాళ్ళు చాలావరకు ఆడవాళ్ళే. ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు, పొదుపు సంఘాల లెక్కలు రాసేవాళ్ళు. ఒకప్పుడు రిజిస్టర్లు, ఇప్పుడు ఫోన్లు. మా పక్క వీధిలో అంగన్‌వాడీ టీచరొకామె ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని వచ్చింది. “అక్కా, నువ్వు కంప్యూటర్ చదువుతున్నవంట గద. ఇండ్ల పిల్ల బరువు రాసే జాగున్నది. పిల్ల ఎందుకు తక్కువున్నదో రాసే జాగ ఏదీ?” అంది. లేదన్నాను. “మరి నాకు తెలిసింది యాడ రాయాలె?” అంది. ఆమె చేతిలో పాత నోటుపుస్తకం ఉంది. ఫోన్‌లో పట్టనివన్నీ అందులో పెన్సిల్‌తో రాసుకుంటోంది. ఎవరూ అడగరు కాబట్టి అది ఎక్కడికీ పోదు. ఆ పిల్లల గురించి ఆమెకున్న పరిజ్ఞానం పైకి వెళ్ళే దారిలోనే రాలిపోతోంది. ఆమె డేటాను పుట్టిస్తోంది, దాన్ని విశ్లేషించేవారు ఎక్కడో ఉన్నారు. ప్రోగ్రామింగ్ పక్కన విశ్లేషణ అన్న మాట ఊరికే ఉండదు. గడులేమిటో తేల్చడమే విశ్లేషణలో మొదటి పని.

ఆడపిల్లలకు కంప్యూటర్ చదువు ఉద్యోగం తెస్తుందని అందరూ చెబుతారు, తెస్తే మంచిదే. నా పట్టుదల ఇంకోటి. ఈ కోర్సు తెలుగులో, ఇక్కడి కార్డులతో రావాలి. ఎన్‌పీటెల్ కొన్ని పాఠాలను తెలుగుతో సహా భారతీయ భాషల్లోకి అనువదించింది, కానీ అనువాదంలో భాష మారుతుంది తప్ప కార్డు మారదు. ఉపాధి హామీ మస్టరు, సంఘం అప్పుల పుస్తకం, కాన్పుల రిజిస్టరు, ఇవి కావాలి మన కార్డులు. మొదటి పాఠం కార్డు నడిపించడం కాకుండా ఖాళీ కాగితం మీద గడులు గీయడం కావాలి.

ఆ అంగన్‌వాడీ టీచరు, నేను ఆదివారాలు కూర్చుని ఆమె నోటుపుస్తకంలోంచి కార్డులు రాస్తున్నాం. పిల్లల పేర్లు తీసేశాం. బరువు, వయసు, తల్లి ఎన్నిటికి పనికి పోతుంది, పిల్లను ఎవరి దగ్గర వదులుతుంది, ఇప్పటికి ఇన్ని గడులు. తండ్రి తాగుడుకి గడి పెట్టాలా వద్దా అన్నచోట ఇద్దరికీ పడలేదు. పెడితే ఆ కాగితం ఎవరి చేతిలో పడుతుందో అని ఆమె భయం. పెట్టకపోతే సగం కారణం పోతుందని నా వాదన. ప్రస్తుతానికి ఆ గడి పెన్సిల్‌తోనే గీశాం.