గతమును దిద్దువాని కథ

జరిగిపోయినదానిని మరల దిద్దుకొనగల్గిన నెంత బాగుండునని యొక్కమారైనను తలపనివారు లేరు. ఈ తలపునుండియే కాలప్రయాణకథలు పుట్టినవి. 1895లో ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్సు తన ప్రయాణికుని దూరభవిష్యత్తునకు బంపి, చూచినదానిని చెప్పుటకై యింటికి రప్పించెనే గాని, గడచినదానిపై చేయి వేయనీయలేదు. కావున నా నవలలో తార్కికమైన చిక్కు తలయెత్తదు. చిక్కంతయు వెనుకకు బోయి దిద్దబూనుటయందే యున్నది.

ఫ్రెంచి రచయిత రెనే బార్జవెల్ రచించి 1944లో గ్రంథరూపమున వెలువరించిన నవల యీ చిక్కును నిర్భయముగా జూపినది. అందలి కథానాయకుడు 1793 నాటి టూలాన్ ముట్టడికి బోయి, యౌవనమందున్న బోనపార్టును జంపి చరిత్రను మార్చబూనును. ఒక సైనికు డడ్డుపడి మరణించును. వాడే యీతని పూర్వుడు. అప్పటికి సంతానము లేనివాడు. పూర్వుడు చచ్చిన నీతడు పుట్టడు. పుట్టనివాడు పోయి కాల్పడు. కాల్పనిచో పూర్వుడు బ్రతుకును. బ్రతికిన నీతడు పుట్టును. ఇది మన బీజవృక్షన్యాయము వంటిది కాదు. అందు ఒకటి వేరొకదానికి కారణమగుచున్నది. ఇందు కార్యము తన కారణమునే మ్రింగుచున్నది.

ఈ విరోధమునకు రెండు సమాధానములు ప్రసిద్ధములు. మొదటిది అమెరికా తత్త్వవేత్త డేవిడ్ లూయిస్ 1976లో వివరించినది: జరిగినది జరిగినదే. వెనుకకు బోయినవానికి తుపాకియు గురియు నుండవచ్చును గాని, వాడు తన తాతను జంపజాలడు; ఏదో యొక సామాన్యకారణమున పని తప్పిపోవును. రెండవది శాఖాకాలవాదము. 1957లో హ్యూ ఎవరెట్ పరమాణులోకమందు సాధ్యమగు ప్రతిఫలితమును ఒక్కొక్క శాఖయందు జరుగునని ప్రతిపాదించెను. డేవిడ్ డాయిష్ 1991లో దీనిని కాలప్రయాణమునకు అన్వయించెను. ఈ మతమున కాల్చినవాడొక శాఖలో బుట్టెను. చచ్చినవాడు వేరొక శాఖలోనివాడు. ఇది గణితముపై నిలిచిన యూహయే గాని ప్రయోగమున స్థిరపడినది కాదు. అయినను కథకులకు మిక్కిలి ప్రియమైనది.

తర్కము దక్కినది, సరియే. కాని సంస్కర్తకు దక్కిన దేమి? తన లోకములోని దుఃఖమును మాన్పుటకై బయలుదేరినవాడు, దుఃఖము లేని వేరొక లోకమును జేరెను. వాడు విడిచివచ్చిన శాఖలో చచ్చినవారు చచ్చియే యున్నారు. ఏడ్చువా రేడ్చుచునే యున్నారు. ఇల్లు కాలుచుండగా పొరుగూర క్రొత్తయిల్లు చేరి, మంట లార్పితినని చెప్పుకొనువానికిని వీనికిని భేద మేమి? శాఖల నాశ్రయించు కథలలో బెక్కు, సుఖాంతమగు శాఖపై వెలుగు ప్రసరింపజేసి తక్కినదానిపై తెర దించును. నా దృష్టిలో నిదియే యా కథల పెద్దలోపము.

ఈ లోపము లేని కథ యొకటి కలదు. అర్జెంటీనా రచయిత బోర్హెస్ 1941లో ప్రకటించిన, చీలిపోవు దారుల తోటను గూర్చిన కథ యది. మొదటి ప్రపంచయుద్ధకాలమున జర్మనీకి గూఢచారియైన చీనాదేశీయు డొకడు ఇంగ్లండులో ఆల్బర్ట్ అను పండితుని దర్శించును. కాలము శాఖోపశాఖలై చీలుననియు, నొక శాఖలో మిత్రులైన తాము వేరొకదానిలో శత్రువులనియు నా పండితుడే వానికి బోధించును. బోధ ముగియగానే గూఢచారి యాతనిని జంపును. హతుని పేరే పట్టణమునకు సంకేతము. వేరొక శాఖలో నాతడు బ్రతికియుండునను జ్ఞానము హంతకు నోదార్చదు. కథాంతమున వానికి మిగిలినది తీరని పశ్చాత్తాపము.

మన తెలుగున సింగీతం శ్రీనివాసరావుగారి చలనచిత్రము ‘ఆదిత్య 369’ 1991లోనే నాయకుని 1526 నాటి కృష్ణరాయల కొలువునకును, 2504వ సంవత్సరమునకును గొనిపోయి కాలయంత్రమును ఇంటింటికి బరిచయము చేసినది. యంత్రపు వింత మన కిప్పుడు పాతబడినది. ఇక శాఖలను గల్పించు రచయితను మన మడుగవలసిన ప్రశ్న యొక్కటియే: అయ్యా, మీ నాయకుడు విడిచివచ్చిన యింటిలో దీప మెవరు పెట్టుచున్నారు? దీనికి బదులు చెప్పగల కథ తర్కమునకే గాక మనస్సాక్షికిని నిలుచును. గతము మనచేత దిద్దబడదు. దాని ఫలములు మాత్రము నేటికిని మన చేతులలోనే యున్నవి.