డిగ్రీ లెక్కల పుస్తకంలో మన లెక్క ఎక్కడ?

ఆదివాసీ సాహిత్యం అనగానే పాట గురించి మాట్లాడతాం, పోడు గురించి మాట్లాడతాం, 1/70 గురించి మాట్లాడతాం. బి.ఎస్‌సి. లెక్కల పుస్తకం గురించి ఎవరూ మాట్లాడరు. అది సాహిత్యం కాదు కదా అంటారు. కానీ మన పిల్లలు మూడేళ్లపాటు హాస్టల్ గదుల్లో ముందు పెట్టుకుని కూర్చునే పుస్తకం అది. అది ఏ భాషలో మాట్లాడుతోంది, ఎవరితో మాట్లాడుతోంది, ఎవరి బతుకులోంచి ఉదాహరణలు తెచ్చుకుంటోంది అని అడగడం విమర్శ చెయ్యాల్సిన పనే. కథకూ కవితకూ వేసే ప్రశ్నలనే ఇక్కడ లెక్కల పుస్తకానికి వేస్తున్నాం.

ముందు ఆ చదువులో ఏముందో చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో ఏడాదికొక పరీక్ష ఉన్న రోజుల్లో మొదటి ఏడు అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి. రెండో ఏడు అమూర్త బీజగణితం, వాస్తవ విశ్లేషణ. మూడో ఏడు రేఖీయ బీజగణితం, సదిశా కలనం ఉండేవి. సెమిస్టర్లు వచ్చాక వరస మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి మూడు సబ్జెక్టుల ఎం.పి.సి. స్థానంలో ఒకే మేజర్ పద్ధతి వచ్చింది. పేర్లు ఎన్ని మారినా లోపలి సరుకు పెద్దగా మారలేదు. ఇంటర్ దాకా లెక్క అంటే సమాధానం రాబట్టడం. డిగ్రీలో లెక్క అంటే ఒక మాట ఎందుకు నిజమో నిరూపించడం. ఈ మలుపు దగ్గరే మన పిల్లలు ఎక్కువగా జారిపోతున్నారు. అది తెలివి తక్కువై కాదు. అక్కడ మలుపు ఉందని చెప్పేవాళ్లు లేక.

ఇక భాష సంగతి. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి, కాలేజీ చదువుకు తెలుగులో పుస్తకాలు తెచ్చింది. ఆ పనిని తేలిక చేసి మాట్లాడకూడదు. ఇంగ్లీషు రాని ఇళ్ల పిల్లలు వాస్తవ విశ్లేషణ చదవగలిగారంటే అందులో ఆ పుస్తకాల పాలు చాలా ఉంది. కానీ ఆ పుస్తకాలు 'తెలుగు' అనుకున్నది ఎవరి తెలుగు? సమూహం, వలయం, క్షేత్రం, సదిశాంతరాళం, అవిచ్ఛిన్నత, తుల్య సంబంధం, వ్యవస్థితమవుతుంది. బడిలో సంస్కృతం వాసన తగిలిన ఇంటి పిల్లవాడికే ఇవి నోరు తిరగవు. సవర ఇంట్లో పుట్టిన పిల్ల ఇంట్లో సవర, సంతలో ఒక తెలుగు, బడిలో మరో తెలుగు నేర్చుకుని, డిగ్రీకొచ్చి ఈ నాలుగో భాష ముందు నిలబడుతుంది. కువి పిల్లకైనా, కొలామీ పిల్లకైనా, కోయ పిల్లకైనా వరస ఇంతే.

ఇంగ్లీషులో ఈ మాటలు ఎలా ఉన్నాయో గమనించండి. గ్రూప్ అంటే గుంపు, రింగ్ అంటే ఉంగరం, ఫీల్డ్ అంటే చేను, లిమిట్ అంటే హద్దు. అన్నీ ఇంట్లో వాడే మాటలే. వాటికి కొత్త అర్థం కట్టబెట్టారు. మన దగ్గర మాత్రం మాట కూడా కొత్తదే, అర్థం కూడా కొత్తదే. అందుకని 'గుంపు' అని పాఠ్యపుస్తకం తిరగరాయమని మేము అనడం లేదు. మాట స్థిరపడ్డాక దాన్ని మార్చితే గందరగోళమే. ఆ మాట వెనక ఉన్న మామూలు మాటను పుస్తకం ఒక్కసారైనా చెప్పాలి కదా అంటున్నాం. ఒక్క వాక్యం చాలు. ఆ ఒక్క వాక్యమే ఉండదు.

ఈ తెలుగే అందని చోట, ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. ఇంగ్లీషు వద్దని మేము అనం. పై చదువుకు, పోటీ పరీక్షకు ఇంగ్లీషు కావాలి. కానీ నిచ్చెనకు ఇంకో మెట్టు చేర్చి, కింది మెట్లు అలాగే విరిగి ఉండనిస్తే ఎక్కేదెవరు? రెండు భాషలూ ఒడ్డు చేర్చనప్పుడు పిల్లలు మూడో దారి పడతారు. అదే గైడు.

భాష వల్ల ఎక్కడ దెబ్బ తగులుతుందో ఒక చోటు చూపిస్తాం. వాస్తవ విశ్లేషణలో అవిచ్ఛిన్నత, ఏకరూప అవిచ్ఛిన్నత అని రెండు నిర్వచనాలు ఉంటాయి. రెండింట్లోనూ ఎప్సిలాన్, డెల్టా ఉంటాయి. మాటలు కూడా దాదాపు అవే. తేడా అంతా వరసలో ఉంది. మొదటిదానిలో ప్రతి బిందువుకూ దాని డెల్టా వేరుగా ఉండొచ్చు. రెండోదానిలో అన్ని బిందువులకూ కలిపి ఒకే డెల్టా పనిచెయ్యాలి. దీన్ని పుస్తకం రెండు పొడుగాటి వాక్యాల్లో చెప్పి ముందుకు పోతుంది. విద్యార్థి రెండూ బట్టీ పట్టి, పరీక్షలో ఒకదాని బదులు ఇంకొకటి రాస్తాడు. కొండ ఊళ్ల పిల్లలకు ఇది చెప్పడం ఏమంత కష్టం? 'ప్రతి ఊరికీ ఒక ఊట ఉంది' అన్నది ఒక మాట. 'ఊళ్లన్నిటికీ ఒకే ఊట ఉంది' అన్నది వేరే మాట. రెండోది నిజమైతే మొదటిది నిజమవుతుంది. మొదటిది నిజమైనంత మాత్రాన రెండోది కాదు. మంచినీళ్ల కోసం నడిచిన ఏ పిల్లకైనా ఈ తేడా తెలుసు. ఆ తెలివిని తరగతి గదిలోకి రానిచ్చే వాక్యం పుస్తకంలో లేదు.

ఇక పరీక్ష. లగ్రాంజ్ సిద్ధాంతం చూడండి. పరిమిత సమూహంలో ఏ ఉపసమూహాన్ని తీసుకున్నా, దాని మూలకాల సంఖ్య సమూహపు మూలకాల సంఖ్యను భాగిస్తుంది. ఇది పెద్ద ప్రశ్నగా వస్తుంది. నిరూపణను వరస తప్పకుండా రాసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థిని, '12 మూలకాల సమూహంలో 5 మూలకాల ఉపసమూహం ఉంటుందా?' అని అడగండి. చాలామంది ఆగిపోతారు. 5, 12ను భాగించదు కాబట్టి ఉండదు అన్నది ఆ సిద్ధాంతం ఇచ్చే మొదటి ఫలం. 'మరి 6 మూలకాలది తప్పకుండా ఉంటుందా?' అంటే అది ఇంకా మంచి ప్రశ్న. 6, 12ను భాగిస్తుంది. అయినా ఏ4 అనే 12 మూలకాల సమూహంలో 6 మూలకాల ఉపసమూహం లేదు. ఒక మాట నిజమైతే దాని తిరగేసిన మాట నిజం కానక్కరలేదని ఇది నేర్పుతుంది. ఇది కోర్టులోనూ, పంచాయతీలోనూ, పట్టా కాగితం ముందూ పనికొచ్చే చదువు. పరీక్ష మాత్రం దీన్ని అడగదు. సిద్ధాంతం రాయమంటుంది, దాన్ని వాడమనదు.

ఉదాహరణల దగ్గరికి వద్దాం. తుల్య సంబంధం పాఠంలో సమాంతర రేఖలు వస్తాయి, శేషాల లెక్క వస్తుంది. రెండూ మంచివే. కానీ ఆదిలాబాద్ గోండు పిల్లకు తుల్య సంబంధం పుట్టుకతోనే వస్తుంది. గోండుల్లో నాలుగు దేవుళ్లు, ఐదు దేవుళ్లు, ఆరు దేవుళ్లు, ఏడు దేవుళ్లు అని సగలు ఉన్నాయి. కోయల్లో గట్లు ఉన్నాయి. 'ఒకే సగ' అన్న సంబంధాన్ని పరీక్షించండి. ఎవరికి వాళ్లు తమ సగే, కాబట్టి పరావర్తనం. నువ్వు నా సగ అయితే నేను నీ సగ, కాబట్టి సౌష్ఠవం. నువ్వు నా సగ, అతను నీ సగ అయితే అతను నా సగ, కాబట్టి సంక్రమణం. మూడూ ఉన్నాయి కనుక జనమంతా ఒకదానితో ఒకటి కలవని తుల్యతా వర్గాలుగా విడిపోతారు. పుస్తకం రెండు పేజీల్లో నిరూపించే సిద్ధాంతం ఇదే.

ఇప్పుడు 'పెళ్లి కలిసే ఇల్లు' అన్న సంబంధాన్ని తీసుకోండి. మా ఇంటికి మీ ఇల్లు కలిస్తే మీ ఇంటికి మా ఇల్లు కలుస్తుంది. సౌష్ఠవం ఉంది. సంక్రమణం ఉందా? ఉందనుకుందాం. మా ఇల్లు మీ ఇంటికి కలుస్తుంది, మీ ఇల్లు మా ఇంటికి కలుస్తుంది. సంక్రమణం ప్రకారం మా ఇల్లు మా ఇంటికే కలవాలి. సొంత సగలో పెళ్లి నిషేధం. కాబట్టి సంక్రమణం లేదు. ఇది సరైన గణిత నిరూపణ, ఎక్కడా లోటు లేదు. సౌష్ఠవం, సంక్రమణం ఉన్నాక పరావర్తనం వేరుగా ఎందుకు చెప్పాలి అని డిగ్రీ పిల్లలు ఎప్పుడూ అడిగే అనుమానానికి దారి కూడా ఇక్కడే దొరుకుతుంది. ఏదో ఒక ఇంటితో కలిసే ఇల్లు అయితేనే పై వాదన నడుస్తుంది. ఎవరితోనూ సంబంధం లేని మూలకం ఉంటే వాదన మొదలే కాదు. అందుకే మూడో షరతు విడిగా కావాలి.

ఇదేదో మేము మురిపెం కొద్దీ కల్పించింది కాదు. 1949లో మానవ శాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్ చుట్టరికాల మీద రాసిన పెద్ద గ్రంథానికి ఫ్రెంచి గణితవేత్త ఆంద్రే వెయిల్ అనుబంధం రాశాడు. ఆస్ట్రేలియా మూలవాసుల పెళ్లి నియమాలను అందులో సమూహ సిద్ధాంతంతో వివరించాడు. అంటే మూలవాసుల వరసల్లో అమూర్త బీజగణితం ఉందని ప్రపంచంలోని పెద్ద గణితవేత్తల్లో ఒకడు డెబ్భై ఏళ్ల కిందటే చూశాడు. కానీ ఆ అనుబంధంలో మూలవాసులు వస్తువు. లెక్క చేసేవాడు బయటివాడు. మేము అడుగుతున్నది ఆ స్థానం మారాలనే. సగను లెక్కగా రాసేది సగలో పుట్టిన పిల్లే ఎందుకు కాకూడదు?

సవర అంకెలు ఇంకో ఉదాహరణ. సవర భాషలో 12 దాకా విడి పేర్లు ఉన్నాయి. 12 మిగెల్. 13 అంటే పన్నెండూ ఒకటి. అలా 19 దాకా వెళ్లి 20 దగ్గర కొత్త మూట కడతారు. 33 అంటే ఇరవై, పన్నెండు, ఒకటి. 99 అంటే నాలుగు ఇరవైలు, పన్నెండు, ఏడు. బడి దీన్ని వంకర లెక్క అనుకుంటుంది. గణితం దృష్టిలో ఇది ఇరవైల మీద నడిచే పద్ధతి, లోపల పన్నెండు దగ్గర ఒక మజిలీ ఉంది. ప్రతి సంఖ్యకూ ఈ రూపం ఒక్కటే ఉంటుందని భాగహార నియమంతో నిరూపించవచ్చు. ముందు ఇరవైతో భాగించు, శేషం పన్నెండు లేదా అంతకు మించితే పన్నెండు విడదియ్యి, మిగిలింది చెప్పు. మొదటి సెమిస్టర్‌లో ఇవ్వదగ్గ అభ్యాసం ఇది. పదే లోకం కాదని, సంఖ్య వేరు, దాన్ని పలికే తీరు వేరని దీంతో తెలుస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెయ్యాలి. మన పెద్దలకు సమూహ సిద్ధాంతం ముందే తెలుసు అని చెప్పుకోవడం మా ఉద్దేశం కాదు. సగలు తెలియడం, సమూహ సిద్ధాంతం తెలియడం ఒకటి కాదు. సగ వాకిలి మాత్రమే, ఇల్లు చాలా లోపల ఉంది. 'గిరిజన గణితం' పేరుతో మన పిల్లలకు ముగ్గులు, గింజల లెక్కలు చెప్పి, అసలు చదువు మైదానం పిల్లలకు దాచిపెడితే అది ఇంకో మోసం. మనకు లగ్రాంజ్ సిద్ధాంతం మొత్తం కావాలి. ఎప్సిలాన్, డెల్టా మొత్తం కావాలి.

లెక్క రాకపోతే ఏమవుతుందో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. సావుకారి చిట్టా మన భూములు తిన్నది. 1956లో విశాఖలో గిరిజన సహకార సంస్థ పుట్టిందన్నా, 1960లో ఏజెన్సీ వడ్డీ వ్యాపారం మీద నిబంధన వచ్చిందన్నా, ఆ తూకాల్లో, ఆ పద్దుల్లో జరిగిన దోపిడీయే కారణం. అప్పట్లో కూడిక, తీసివేత చాలేవి. ఇప్పుడు భూమి పోయేది సర్వే అంకెల్లో, ముంపు లెక్కల్లో, పరిహారం పట్టికల్లో. ఆ అంకెలు ఎలా వచ్చాయని అడగగల మనిషి ఊరికొకరు కావాలి. నిరూపణ అడిగే అలవాటు నేర్పే చదువు డిగ్రీ లెక్కలే.

దీనికి ఉద్యోగం ముడి కూడా ఉంది. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో 3, 2000 జనవరిలో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దానికి బదులు గట్టి చట్టం కావాలని మనమంతా అడుగుతున్నాం, అడగాలి. దాంతోపాటు, ఆ చట్టం వచ్చిన రోజున లెక్కల టీచరు పోస్టుకు నిలబడే బి.ఎస్‌సి., బి.ఇడి. పిల్లలు మన దగ్గర చాలినంతమంది ఉండాలి. సవర పిల్లకు సవరలో భిన్నాలు చెప్పే టీచరు వస్తేనే పై మలుపుల్లో జారిపోవడం తగ్గుతుంది. టీచరు ఉద్యోగం ఒక్కటే దారి కూడా కాదు. ఐ.ఐ.టి.ల ఎం.ఎస్‌సి.కి జామ్ పరీక్ష ఉంది, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎం.స్టాట్ ఉంది. కేంద్ర విద్యాసంస్థల్లో మనకు 7.5 శాతం సీట్లు ఉన్నాయి. ఏజెన్సీ కాలేజీలో ఆ పరీక్షల పేరు మూడో ఏడు చివర్లో కూడా వినపడదు.

అందుకే మా కోరికలు ఇవి. ఏజెన్సీ డిగ్రీ కాలేజీల్లో లెక్కల అధ్యాపకుల పోస్టులు ఖాళీ లేకుండా నింపాలి. గెస్టు టీచరుతో ఏడాది గడిపేస్తే నిరూపణ ఎవరికీ రాదు. మొదటి సెమిస్టర్‌లో 'నిరూపణ అంటే ఏమిటి' అన్న ఒక్క పాఠం నెల రోజులు చెప్పాలి. తెలుగు, ఇంగ్లీషుతోపాటు గోండి, కోయ, సవర, కువి మాటలతో చిన్న గణిత పదకోశం తయారుచెయ్యాలి. అది భాషావేత్తలతోపాటు లెక్కలు చదివిన మన పిల్లలు కూర్చుని చెయ్యాల్సిన పని. ప్రశ్నపత్రంలో సగమన్నా సిద్ధాంతాన్ని వాడమనే ప్రశ్నలు ఉండాలి.

రాసే మనవాళ్లకు కూడా ఒక పని ఉంది. పాటలు సేకరించినట్టే లెక్కలు సేకరించండి. మీ ఊళ్లో ఎంతవరకు విడి పేర్లతో లెక్కపెడతారు, ఎక్కడ మూట కడతారు, కుంచానికీ అడ్డకూ వరస ఏమిటి, ఏ ఇల్లు ఏ ఇంటికి కలుస్తుంది అని పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టండి. ఆ కాగితాలను కాలేజీలో లెక్కలు చదివే పిల్లల చేతికి ఇవ్వండి. వాటితో ఏం చెయ్యాలో వాళ్లు చూసుకుంటారు.