నిషిద్ధ కరపత్రములు : పాఠవిమర్శ

ఆంధ్రవాఙ్మయ చరిత్రకారులు స్వాతంత్ర్యోద్యమకాలపు కరపత్రములను గూర్చియు, అణా అర్ధణా పాటల పుస్తకములను గూర్చియు వ్రాయవలసి వచ్చినపుడు సాధారణముగా ఒక పుటకు మించి వ్రాయరు. వానిలో ఆవేశము హెచ్చు, కవిత్వము తక్కువ అనునది వారి తీర్పు. పదునైదేండ్ల క్రిందట సమర్పించిన మా సిద్ధాంతవ్యాసమున మేమును ఆ తీర్పునే అంగీకరించి, దానికి తోడుగా పునరుక్తి, విస్తరము అను రెండు దోషములను గూడ చూపితిమి. నేడు ఆ తీర్పును మరల పరిశీలింపవలసి వచ్చినది. తీర్పు కంటె ముందు ప్రశ్నింపదగినది మరియొకటి కలదు. మేము చదివి తీర్పు చెప్పిన పాఠము ఎచ్చటిది? ఆ కరపత్రమును మేము చూచితిమా?

చూడలేదు. మేము చూచినవి రెండే. ఒకటి, స్వాతంత్ర్యానంతరము వెలువడిన గేయసంకలనములు. రెండవది, ప్రభుత్వ దస్త్రములలోని ఆంగ్లసంగ్రహములు.

కరపత్రము నిలిచియుండుటకై పుట్టినది కాదు. సంతలోనో, సభలోనో, రైలుస్టేషనులోనో చేతినుండి చేతికి పోయి, చదివినవాడు పొట్లము కట్టుటకు వాడుకొన్నచో దాని జన్మ సార్థకమైనట్లే. అట్టిది నేటికిని అక్కడక్కడ మిగిలియున్నదన్నచో, చాలవరకు దానిని అణచదలచినవారి చలవయే. 1910 నాటి ముద్రణ శాసనము ప్రకారము స్థానిక ప్రభుత్వము గెజెటున ప్రకటించి ఏ పత్రికనైనను, ఏ పుస్తకమునైనను, మరి ఏ కాగితమునైనను స్వాధీనపరచుకొనవచ్చును. 1922లో ఆ శాసనము రద్దైనను ఆ అధికారము మాత్రము క్రిమినలు ప్రొసీజరు కోడులో 99-ఏ సెక్షనుగా నిలిచినది. ఉప్పు సత్యాగ్రహముతో 1930లో ఆర్డినెన్సును, మరుసటియేట అత్యవసరాధికార ముద్రణ శాసనమును వచ్చినవి. స్వాధీనపరచుకొన్న ప్రతులలో కొన్ని లండనునకు, ఇండియా ఆఫీసు గ్రంథాలయమునకును బ్రిటిషు మ్యూజియమునకును చేరినవి. వానికి గ్రేహాం షా, మేరీ లాయిడ్ అనువారు కూర్చిన పట్టిక 1985లో అచ్చయినది. దానికి పూర్వమే, 1974లో, జెరాల్డు బారియరు నిషిద్ధవాఙ్మయమును గూర్చి ఒక గ్రంథము వ్రాసియుండెను. మన పరిశోధకులలో పెక్కుర దృష్టి ఈ రెండింటిమీద పడలేదు.

మన ప్రాంతమున ఎగ్మూరులోని పూర్వపు మద్రాసు రికార్డు ఆఫీసును, తార్నాకలోని అభిలేఖాగారమును ఈ విషయమునకు ముఖ్యస్థానములు. అయితే అచ్చట దస్త్రము తెరచినవారికి ముందు కనబడునది కరపత్రము కాదు, దానిని గూర్చిన ఉత్తరప్రత్యుత్తరము. జిల్లా అధికారి లేఖ, న్యాయసలహాదారు అభిప్రాయము, ప్రభుత్వ తెలుగు అనువాదకుని ఆంగ్లానువాదము ఉండును. కరపత్రము వాని వెంట జతపరుపబడిన కాగితము మాత్రమే. జతకాగితములు జారిపోవుట దస్త్రములకు సహజము. మూలము పోయి అనువాదము మిగిలిన సందర్భములు తక్కువ కావు. దేశభాషాపత్రికలను గూర్చి మద్రాసు ప్రభుత్వము రహస్యముగా అచ్చువేయించుచుండిన నివేదికలకును ఇదే స్థితి. అందు తెలుగుపత్రికల మాటలన్నియు ఆంగ్లసంగ్రహములే.

ఇచ్చటనే మేము పొరబడితిమి. అట్టి ఆంగ్లసంగ్రహమున ఒక కరపత్రములోని వాక్యము మాకు దొరకినది. మా వ్యాసము తెలుగున వ్రాసినది కావున ఆ వాక్యమును తెనిగించితిమి. తెనిగించినంతలో దోషము లేదు. దానిని ఉదాహరణచిహ్నముల నడుమ ఉంచి, అనువాదమని చెప్పకుండుట దోషము. పరీక్షకులు అడుగలేదు. కొన్నియేండ్లకు ఒక గ్రామగ్రంథాలయమున, ఒక పాత పుస్తకపు అట్టలో మడచియుండగా, అదే కరపత్రము మా కంటబడినది. మేము 'ప్రభుత్వము' అని వ్రాసినచోట అందు 'దొరతనమువారు' అని యుండెను. ఈలోపల మా వాక్యము మరియొక సిద్ధాంతవ్యాసమున, మా పేరు లేకుండ, మూలవాక్యముగా ఉదాహరింపబడినది. ఆ వ్యాసకర్త్రిని తప్పు పట్టుటకు మాకు నోరు లేదు.

ఒక్క మాట మారినంతమాత్రమున ఏమగునని అడుగవచ్చును. ఈ మాట విషయమున చాల మారును. 'దొరతనము' అనగా ప్రభుత్వము అని బ్రౌణ్య నిఘంటువున అర్థము కలదు. 'దొరతనమువారు' అనునది పందొమ్మిదవ శతాబ్దమునుండి సర్కారు ప్రకటనలలో వాడబడిన మాట. శిస్తు నోటీసున, గెజెటు ప్రకటనలో, కోర్టు కాగితమున రైతు చూచిన మాట అదియే. అందు నింద లేదు, స్తుతి లేదు. కాని ఆ మాటలో 'దొర' దాగియున్నాడు. ఇంగ్లీషు అధికారి దొర, జమీందారు దొర. ప్రభుత్వ కాగితమున మొద్దుబారియున్న ఆ మాటను తీసికొని దాని ముందు 'తెల్ల' అను ఒక విశేషణము చేర్చగానే అందులోని దొర మేల్కొనును. గరిమెళ్ళ సత్యనారాయణగారి 'మాకొద్దీ తెల్లదొరతనము' అను గేయమున జరిగినది ఇదియే. ప్రభుత్వము తనకు తాను పెట్టుకొన్న పేరునే ఆ గేయము ప్రభుత్వమునకు తిరిగి అప్పగించినది. ఆంగ్లానువాదమున ఇది 'శ్వేతజాతి పరిపాలన' యగును. దానినుండి మరల తెలుగునకు వచ్చినచో 'శ్వేతప్రభుత్వము' అగును. చమత్కారమంతయు పోయి, ఒక రాజకీయాభిప్రాయము మాత్రము మిగులును. తరువాత మనము ఆ మిగిలినదానిని చూచి, ఇందు కవిత్వమేదని ప్రశ్నింతుము.

హైదరాబాదు సంస్థానపు కాగితములలో చిక్కు ఇంకను హెచ్చు. అచ్చట అధికారభాష ఉర్దూ. రాజ్యమునకు జనుల నోట మాట 'సర్కారు'. 'దొర' యన్నచో ఊరి దేశముఖు, భూస్వామి. కృష్ణాజిల్లా కరపత్రములోని దొరయు, నల్లగొండ కరపత్రములోని దొరయు ఒకడు కాడు. సర్కారు, దొరతనము, ప్రభుత్వము, రాజ్యము అను నాలుగు మాటలను ఆంగ్లసంగ్రహము ఒక్క మాటతో ముగించును. ఆ ఒక్క మాటనుండి ఆ నాలుగింటిలో ఏదియో ఊహించుట పరిశోధన కాజాలదు.

ఇక సంకలనముల సంగతి. వీనిలో తెలుగుమాట నిలిచియున్నది కావున అనువాదదోషము లేదు. కాని సంకలనకర్త కరపత్రమునుండి గేయమును మాత్రము తీసికొని తక్కినదానిని వదలివేయును. ఆ తక్కినదానిలో 'వరుస' ఉండును. ఏ నాటకపు పాట వరుసలో, ఏ భజనకీర్తన మట్టున పాడవలెనో తెలుపు ఆ చిన్నపంక్తి, పాటకు పాఠమెంతయో అంత ముఖ్యము. వరుస తెలిసిన జనులకు అక్షరజ్ఞానముతో పనిలేదు. ఒకడు చదివి పాడినచో పదిమంది అందుకొందురు. పునరుక్తి యని మేము దూషించిన పల్లవి, ఆ పదిమంది వంతు. మేము దానిని గదిలో కూర్చుండి కంటితో చదివితిమి. ప్రతి చరణము తుదను అదే పంక్తి కంటబడగా విసుగు కలిగినది. గుంపుతో కలిసి పాడువానికి విసుగు కలుగదు, ఊపిరి పీల్చుకొనుటకు వ్యవధి దొరకును. విస్తరమును గూర్చియు ఇట్లే చెప్పవలెను. గరిమెళ్ళవారి గేయము దీర్ఘమైనది. ఊరేగింపు ఒక వీథినుండి మరియొక వీథికి పోవుటకు పట్టు కాలము గూడ దీర్ఘమైనదే. ఆ గేయమునకుగాను 1922లో ఆయనకు ఒక సంవత్సరము కారాగారశిక్ష పడినది. తెలుగు రాని కలెక్టరు దానిని పాడించుకొని విని, భాష తెలియకపోయినను దాని బలము గ్రహించెనని ఒక కథ ప్రచారమున నున్నది. అది ఎంతవరకు నిజమో చరిత్రకారులు చెప్పవలెను. మాకు పనికివచ్చినది ఒక్కటే. కథ కల్పించినవారు సైతము కలెక్టరు చేతికి అనువాదము నీయలేదు, పాట వినిపించిరి.

అట్లని ప్రతి కరపత్రమును మహాకావ్యమని పొగడవలెనని మా అభిప్రాయము కాదు. మేము చూచినవానిలో సగమునకు పైగా నిస్సారములే. పద్యములలో గణములు సరిపోవు, ప్రాస కొరకు తెచ్చిపెట్టిన మాటలు వెక్కిరించును. చెడినవానిని చెడినవనుటకైనను వాని అసలు రూపము చూడవలెనని మాత్రమే మా వాదము.

కరపత్రమును చేతబట్టినవాడు గేయము కంటె ముందు అడుగుపంక్తి చూడవలెను. 1867 నాటి శాసనము ప్రకారము ప్రతి పుస్తకముమీదను, కాగితముమీదను ముద్రాపకుని పేరు, ముద్రణస్థలము ఉండితీరవలసియుండెను. ఆ పంక్తి యున్నచో కాలనిర్ణయమునకు ఒక ఆధారము దొరకినట్లే. లేనిచో అదియు ఒక సాక్ష్యము. అది రహస్యముగా అచ్చయియుండవచ్చును. అయితే ఇందు తొందరపడరాదు. బైండరు అంచులు కత్తిరించునపుడు మొదట తెగునది అడుగుపంక్తియే. అంచున సగము తెగిన అక్షరములున్నవేమో చూడక 'రహస్యముద్రణము' అని వ్రాసినవారిని మేమెరుగుదుము. ఆ శాసనము వలననే మరియొక సాధనము మనకు లభించినది. రాజధానిలో అచ్చయి రిజిష్టరైన పుస్తకముల పట్టిక మూడు నెలలకొకమారు ఫోర్టు సెంటు జార్జి గెజెటునకు అనుబంధముగా వెలువడుచుండెను. అందు పేరు, గ్రంథకర్త, ముద్రాలయము, పుటలు, వెల మాత్రమే కాక ఎన్ని ప్రతులు అచ్చువేసిరో ఆ సంఖ్యయు ఉండును. ఎనిమిది పుటల పాటల పుస్తకము శాసనరీత్యా పుస్తకమే గనుక దానికిని అందు స్థానము కలదు. ఒక పాటల పుస్తకము ఎన్ని వేల ప్రతులు పోయినదో ఊహించి వ్రాయుచున్న విద్యార్థులు ఈ పట్టికను ఒకమారు తిరుగవేసినచో ఊహతో పని తగ్గును. ఒంటికాగితపు కరపత్రములు మాత్రము ఇందు దొరకుట అరుదు.

ప్రభుత్వాభిలేఖాగారములు నిషేధమునకు పాత్రమైనవానినే దాచినవి. నిషేధింపబడనివి, నాటకముల ప్రకటనలు, అవధానసభల ఆహ్వానములు, పెండ్లిండ్లలో పంచిపెట్టిన పంచరత్నములు, ఎచ్చట దొరకును? వీనికి గ్రామపట్టణ గ్రంథాలయములే దిక్కు. 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ తరువాత ఆంధ్రదేశమున వెలసిన గ్రంథాలయములలో అనేకము నశించినవి. 1918లో స్థాపితమైన వేటపాలెపు సారస్వతనికేతనము వంటివి నిలిచి, పాతపత్రికల సంపుటములను నేటికిని కాపాడుచున్నవి. అట్టిచోట్ల కరపత్రము పట్టికలో కనబడదు. సంపుటముల నడుమ, అట్టల లోపల, పుట గుర్తుగా పెట్టిన చీటిగా కనబడును. పెండ్లిపంచరత్నములను చూచి నవ్వువారు కలరు. నవరసములలో ఒక్కటియైనను లేని ఆ పద్యముల అడుగున వధూవరుల యూరు, తేది, ముద్రాలయము ఉండును. ఒక చిన్నపట్టణమున అచ్చుయంత్రము ఏయేట నుండెనో తెలుపుటకు ఒక్కొక్కచో దానికి మించిన ఆధారము లేదు.

మా శాఖలోని పరిశోధక విద్యార్థులకు మేమిపుడు ఒక నియమము పెట్టితిమి. ఆంగ్లమునుండి తెనిగించిన వాక్యమునకు ఉదాహరణచిహ్నములు ఉంచరాదు. కరపత్రమును ప్రస్తావించినచో కాగితపు కొలత, వరుస, అడుగుపంక్తి, వెల, అది దొరకిన దస్త్రము లేక సంపుటము పేర్కొనవలెను. వెనుకవైపు ఏమున్నదో గూడ వ్రాయవలెను. ఈ కడపటిది కష్టమైనది. కాగితము చినుగకుండుటకై వెనుకకు మరియొక కాగితము అతికించుట పాత అలవాటు. దానిని వెలుతురునకు పట్టి చూచుటకైనను గ్రంథపాలకుని అనుమతి కావలెను. మేము కనుగొన్న కరపత్రమునకు ఆ చిక్కు లేకపోయెను. దాని వెనుకవైపున ఎవరో పెన్సిలుతో పాల లెక్క వ్రాసికొనియుండిరి.