రీస్టార్ట్ కొట్టేముందు మూడు డంపులు

2012 జులై 1, ఆదివారం. అరసవల్లిలో అప్పుడే పొద్దు పొడిచింది. ఏటా మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు మూలవిరాట్టు పాదాలను తాకే సూర్యదేవాలయం ఉన్న ఊరు అది. ఆదివారం స్వామికి ప్రత్యేకం. సరిగ్గా ఉదయం ఐదున్నరకు ప్రపంచ గడియారాలకు ఒక సెకను అదనంగా కలిపారు. భూభ్రమణం అణు గడియారాలతో పోలిస్తే కాస్త వెనకబడుతుంది కాబట్టి, మన టైము సూర్యుడికి దూరం కాకుండా అప్పుడప్పుడూ ఇలా కలుపుతూ వచ్చారు. ఆ ఒక్క సెకనుతో రెడిట్, మొజిల్లా వంటి చోట్ల జావా సర్వర్లు సీపీయూ మొత్తాన్ని మింగేశాయి. ఎమడియస్ రిజర్వేషన్ వ్యవస్థ చతికిలబడి క్వాంటాస్ విమానాలు ఆలస్యమయ్యాయి.

జావాని రీస్టార్ట్ చేసినా లాభం లేకపోయింది. జబ్బు లినక్స్ కెర్నల్‌ది. సెకను కలిపిన కబురు లోపలి టైమర్లకు చేరలేదు, వాటి లెక్క ఒక సెకను ముందుండిపోయింది. అర సెకను నిద్రపోవాల్సిన థ్రెడ్ పడుకోగానే లేచేది, పనేం లేదని మళ్లీ పడుకునేది, వెంటనే లేచేది. మందు మాత్రం ఒక్క లైను: డేట్ కమాండ్‌తో ఉన్న టైమునే మళ్లీ సెట్ చేయడం.

మా అరసవల్లి ప్రాంతం నుంచి విశాఖ, హైదరాబాద్, బెంగళూరు వెళ్లి సర్వర్లు కాసే ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎందరో. రాత్రి షిఫ్టులో వాళ్లకు ముందు నేర్పేది రీస్టార్ట్ కొట్టడం. నా బాధంతా అక్కడే. రీస్టార్ట్‌తో సైటు లేస్తుంది, ఆధారం తుడిచిపెట్టుకుపోతుంది, వారం తిరక్కుండా అదే గోల. అసలు దోషిని పట్టే పద్ధతి ఒకటి సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారుతూ వచ్చింది. దానికి ఖరీదైన టూల్స్ అక్కర్లేదు.

ముందు సీపీయూ వాడకం చూపే టాప్ కమాండ్. నూరు శాతం చూసి కంగారు పడకుండా, అది యూజర్ వాటాలో ఉందా సిస్టమ్ వాటాలో ఉందా చూడాలి. సిస్టమ్ వాటా విపరీతంగా ఉంటే చూపు కెర్నల్ వైపు తిప్పాలి. యూజర్ వాటా అయితే మన కోడో, వాడని మెమరీని ఏరి ఖాళీచేసే జీసీయో.

తర్వాత టాప్‌కే పెద్ద అక్షరం హెచ్ ఆప్షన్ ఇస్తే థ్రెడ్లు విడివిడిగా కనిపిస్తాయి. రెండొందల థ్రెడ్ల జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో సీపీయూ తినేది చాలాసార్లు ఒకటో రెండో. దాని నంబరు 21651 అనుకుందాం. జేస్టాక్‌తో థ్రెడ్ డంప్, అంటే ప్రతి థ్రెడ్ ఆ క్షణాన ఏం చేస్తోందో చూపే జాబితా, తీసి ఆ నంబరు వెతికితే దొరకదు. జావా 8, 11 వెర్షన్లలో డంప్ దాన్ని హెక్సాలో రాస్తుంది. 21651ని 16తో భాగించుకుంటూ పోతే శేషాలు 3, 9, 4, 5. వెనక నుంచి చదివితే 5493. డంప్‌లో ఎన్ఐడీ పక్కన 5493 ఉన్నచోట థ్రెడ్ పేరు, దాని కింద అది ఆ క్షణాన ఉన్న మెథడ్, లైను నంబరు ఉంటాయి. మొదటిసారి చేసినవాళ్ల ముఖం ఆ లైను దగ్గర వెలిగిపోవడం నేను చూశాను.

ఒక్క డంప్ చాలదు. ఐదేసి పదేసి సెకన్ల తేడాతో మూడు తీయాలి. మూడింటిలోనూ ఆ థ్రెడ్ అదే చోట ఉంటే అనుమానం గట్టిపడుతుంది. డంపులో కనిపించే రన్నబుల్ (నడుస్తోంది) అన్న మాటను మాత్రం నమ్మకూడదు. డేటాబేస్ జవాబు కోసం ఊరికే కూర్చున్న థ్రెడ్‌ని కూడా జావా రన్నబుల్ అనే రాస్తుంది. టాప్ చూపిన నంబరూ డంపూ కలిస్తేనే సాక్ష్యం. జూనియర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. దొరికింది జీసీ థ్రెడ్ అయితే లూపు కోసం వెతకడం మాని మెమరీ సంగతి చూడాలి.

ఈ దారిలో దొరికిన దోషుల్లో పేరుమోసింది, కీల వారీగా విలువలు దాచే జావా హ్యాష్‌మ్యాప్. జావా 7 వరకూ, రెండు థ్రెడ్లు ఒకేసారి దాన్ని పెద్దది చేయబోతే లోపలి గొలుసులో మొదటిది రెండోదాన్ని, రెండోది మళ్లీ మొదటిదాన్ని చూపే ప్రమాదం ఉండేది. ఆ గొలుసులో లేని కీ కోసం వెళ్లిన థ్రెడ్ ఇక బయటికి రాదు. 2014లో జావా 8 ఆ కోడును మార్చినా, పలు థ్రెడ్లు పంచుకునేచోట వాడాల్సింది 2004లోనే వచ్చిన కంకరెంట్ హ్యాష్‌మ్యాపే. ఇంకొకటి 2011లో బయటపడింది: 2.2250738585072012ఈ-308 అన్న సంఖ్యను చదవమంటే జావా రెండు పక్కపక్క విలువల మధ్య ఊగుతూ ఉండిపోయేది. బ్రౌజర్ పంపే భాషల హెడర్‌లో ఆ సంఖ్య పెట్టి టామ్‌క్యాట్ థ్రెడ్‌ని ఇరికించడం సాధ్యమయ్యేది. ఆ ఫిబ్రవరిలో ఒరాకిల్ ప్యాచ్ ఇచ్చింది.

రథసప్తమి నాటి టికెట్ల సైటైనా, పరీక్షా ఫలితాల సైటైనా, జనం ఎదురుచూస్తుంటే కూర్చుని దర్యాప్తు చేయమనడం న్యాయం కాదు. కానీ మూడు డంపులకు అర నిమిషం చాలు. సీపీయూ హద్దు దాటి రెండు నిమిషాలు నిలిస్తే టాప్ ఫలితాన్నీ డంపుల్నీ టైముతో సహా ఫైళ్లలో రాసిపెట్టే చిన్న స్క్రిప్టు ముందే సర్వర్‌లో ఉంచాలి. ఆ తర్వాత రీస్టార్ట్ కొట్టినా పొద్దున వచ్చినవాళ్లకు చదవడానికి ఆధారం ఉంటుంది. స్క్రిప్టును జావా నడిచే యూజర్ పేరు మీదే నడపాలి, లేకపోతే జేస్టాక్ కనెక్ట్ కాకపోవచ్చు. ఆ స్క్రిప్టును పండక్కో ఫలితాలకో వారం ముందే ఒకసారి నడిపి చూసుకోవాలి.